అవుట్‌సోర్సింగ్‌లో ప్రభుత్వ ఆఫీసులో చేరుతున్నారా? ఏజెన్సీ దగ్గర సంతకం పెట్టే ముందు, పెట్టాక చూసుకోవలసినవి

ప్రభుత్వాసుపత్రిలో పేషెంట్ కేర్, గురుకులంలో వంట, కలెక్టరేట్‌లో కంప్యూటర్ ఆపరేటర్, మున్సిపల్ ఆఫీసులో అటెండర్, హాస్టల్లో వాచ్‌మన్... ఇలాంటి ఉద్యోగం దొరికిందని చెబితే ఇంట్లోవాళ్లు మొదట అడిగే మాట "గవర్నమెంటేనా?" అని. కూర్చునేది గవర్నమెంటు ఆఫీసులోనే, పని చెప్పేది గవర్నమెంటు ఆఫీసరే, హాజరు పడేదీ అక్కడి రిజిస్టర్లోనే. కానీ జీతం వేసేదీ, పీఎఫ్ కట్టాల్సిందీ, కాగితం మీద మీ యజమానిగా ఉండేదీ మాత్రం ఒక ప్రైవేటు ఏజెన్సీ. ఒకప్పుడు జిల్లా ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేరు నమోదు చేసుకుంటే సీనియారిటీ ప్రకారం కాల్ లెటర్ ఇంటికొచ్చేది. తెలంగాణ జిల్లాల్లో ఇప్పుడు అదే ఉపాధి కల్పన కార్యాలయం మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీలను ఎంపానెల్ చేసే (ఆమోదిత జాబితాలో చేర్చే) పని చూస్తోంది. అంటే, ఉద్యోగికీ ప్రభుత్వానికీ మధ్య ఉండే పనిని ప్రభుత్వం బయటివాళ్లకు అప్పగించింది.

ఈ పద్ధతి నాకు నచ్చదు, ఆ మాట ముందే చెబుతాను. జీతం ఆగితే ఆఫీసువాళ్లు ఏజెన్సీని చూపిస్తారు, ఏజెన్సీవాళ్లు "బిల్లు ఇంకా పాస్ కాలేదు" అని ఆఫీసును చూపిస్తారు, నెలంతా పనిచేసిన మనిషి కిరాణా కొట్టులో అప్పు చెబుతూ తిరుగుతాడు. అయితే ఉద్యోగం అవసరమైనవాళ్లకు "చేరకండి" అని చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు కాబట్టి, చేరేవాళ్లు ఏం చూసుకోవాలో రాస్తున్నాను. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైంది ఒకటే: ఏజెన్సీలు మారిపోతాయి, ఆఫీసర్లు బదిలీ మీద వెళ్లిపోతారు, మీ సర్వీసు మొత్తం తెలిసినవాళ్లు చివరికి మీరొక్కరే మిగులుతారు, అందుకని ప్రతి కాగితం మీ దగ్గర ఒక కాపీ ఉండి తీరాలి.

మీది ఏ రకం పోస్టో ముందు తేల్చుకోండి

కాంట్రాక్ట్ వేరు, అవుట్‌సోర్సింగ్ వేరు. ఈ తేడా తెలియక చాలామంది ఏళ్ల తరబడి లేని ఆశలు పెట్టుకుంటున్నారు. కాంట్రాక్ట్ ఉద్యోగికి శాఖే నేరుగా ఒప్పందం రాసిస్తుంది, మధ్యలో ఎవరూ ఉండరు. అవుట్‌సోర్సింగ్‌లో శాఖకు ఒప్పందం ఉండేది ఏజెన్సీతో, మీకు ఒప్పందం ఉండేది కూడా ఏజెన్సీతోనే. 2023 ఏప్రిల్‌లో తెలంగాణలో క్రమబద్ధీకరించినది కాంట్రాక్ట్ ఉద్యోగులను. పక్క సీట్లో అదే పని చేస్తున్న అవుట్‌సోర్సింగ్ వాళ్లు ఆ జాబితాలో లేరు.

అవుట్‌సోర్సింగ్‌లోనూ అన్నీ ఒకటి కావు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఏజెన్సీల కమిషన్ల గొడవ తప్పించడానికి 2020 జూలైలో ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థను మొదలుపెట్టారు, దాని ద్వారా ఉన్నవాళ్లకు జీతం ఆ సంస్థ నుంచే పడుతుంది. తెలంగాణలో చాలా పోస్టులకు జిల్లా స్థాయిలో కలెక్టర్ ఆధ్వర్యంలోని కమిటీ ఎంపిక చేసిన ఏజెన్సీలు ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులైతే ఎక్కువగా జెమ్ అనే ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్‌లో బిడ్ పిలిచి మనుషుల్ని తీసుకుంటాయి. మీది ఇందులో ఏదో తెలిస్తేనే రేపు ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలో తెలుస్తుంది. రాష్ట్ర ఆఫీసైతే రాష్ట్ర కార్మిక శాఖ, కేంద్ర ఆఫీసైతే కేంద్ర లేబర్ కమిషనర్ విభాగం. తప్పు తలుపు తట్టి నెలలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

అందుకని చేరకముందే మూడు ప్రశ్నలు అడగండి: ఏజెన్సీ పూర్తి పేరు ఏంటి, ఈ పోస్టుకు వర్క్ ఆర్డర్ (ఏజెన్సీకి ఆఫీసు ఇచ్చే పని ఉత్తర్వు) లేదా జీవో నంబర్ ఏంటి, ఆ ఆర్డర్ ఏ తేదీ వరకు ఉంది. ఏజెన్సీ మనిషి "ముందు చేరు తమ్ముడూ, కాగితాల సంగతి తర్వాత చూసుకుందాం" అంటే, నేరుగా ఆ ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కి వెళ్లి అడగండి. వర్క్ ఆర్డర్ రహస్య పత్రమేమీ కాదు.

డబ్బు అడిగితే

ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. "ఈ పోస్టుకి లక్షన్నర నడుస్తోంది, తర్వాత పర్మినెంట్ అయిపోతుంది" అని చెప్పే మధ్యవర్తి ఊరికొకడు ఉంటాడు. ఆ పోస్టు వర్క్ ఆర్డర్ అయిపోగానే ఎగిరిపోవచ్చు, కొత్త ఏజెన్సీ వచ్చి మళ్లీ డబ్బు అడగొచ్చు, ఇచ్చినదానికి రసీదు ఉండదు. మనుషుల్ని సరఫరా చేసినందుకు ఏజెన్సీకి సర్వీస్ చార్జి ప్రభుత్వమే ఇస్తుంది, మీరు ఇవ్వాల్సింది ఏమీ లేదు. అడిగినవాళ్లతో మాట్లాడిన వాట్సాప్ మెసేజ్‌లు దాచిపెట్టి, ఏసీబీ టోల్‌ఫ్రీ 1064కు చెప్పొచ్చు, మధ్యవర్తి బయటివాడైతే పోలీస్ స్టేషన్లో మోసం కేసు పెట్టొచ్చు.

ఇంకో మాట. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏజెన్సీకి ఇవ్వకండి. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, వెనక్కి తెచ్చుకోండి. "ఒరిజినల్స్ మా దగ్గర ఉంటేనే ఆర్డర్" అనే ఏజెన్సీ, మీరు మానేస్తానన్న రోజున వాటిని అడ్డం పెట్టుకుంటుంది. ఖాళీ కాగితం మీద సంతకం, ఖాళీ చెక్కు, ఏటీఎం కార్డు ఇవన్నీ కూడా అంతే. ఏటీఎం కార్డు ఎవరు అడుగుతారులే అనుకోకండి, జీతం బ్యాంకులో పూర్తిగా వేసి, కార్డుతో కొంత వెనక్కి తీసుకునే పద్ధతి ఉంది.

చేరేటప్పుడు

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం ఉద్యోగికి అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం తప్పనిసరి. అందులో మీ పేరు, పోస్టు, పనిచేసే ఆఫీసు, నెల జీతం, చేరిన తేదీ, ఏజెన్సీ పేరు ఉన్నాయో లేదో చూడండి. చేరిన రోజున ఆఫీసులో జాయినింగ్ రిపోర్ట్ ఇస్తారు కదా, దాని రెండో కాపీ మీద ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. చాలామంది ఈ చిన్న పని వదిలేస్తారు, తర్వాత ఎనిమిదేళ్ల సర్వీసు నిరూపించుకోవాల్సి వచ్చినప్పుడు మొదటి రెండేళ్లకు ఆధారమే దొరకదు.

జీతం లెక్క మీరే వేసుకోండి

తెలంగాణలో 2021 జూన్‌లో ఇచ్చిన ఉత్తర్వుల్లో అవుట్‌సోర్సింగ్ జీతాలు పోస్టును బట్టి 15,600, 19,500, 22,750 రూపాయలుగా పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరిలో 15,000, 18,500, 21,500 చేశారు. మీ పోస్టుకు వర్తించే తాజా జీవో ఏదో ఆఫీసులో అడిగి ఆ అంకె రాసుకోండి, ఎందుకంటే మిగతా లెక్కంతా దాని మీదే నడుస్తుంది.

15,600 తీసుకుందాం. పీఎఫ్‌లో మీ వాటా 12 శాతం. చట్టప్రకారం లెక్కకు తీసుకునే జీతం పరిమితి 15,000 కాబట్టి కోత 1,800 (పూర్తి జీతం మీద కట్టే ఏజెన్సీ అయితే 1,872). ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) మీ వాటా 0.75 శాతం, అంటే 117. వృత్తి పన్ను 150. ఇవన్నీ పోగా మీ ఖాతాలో 13,533 పడాలి. ఇది కాక యజమాని వాటా వేరే ఉంటుంది: పీఎఫ్ 1,800, బీమా, నిర్వహణ చార్జీలు కలిపి ఇంకో 150, ఈఎస్‌ఐ 3.25 శాతం అంటే 507, మొత్తం 2,457. ఈ 2,457 మీ జీతంలోంచి తియ్యడానికి వీల్లేదు. పీఎఫ్ చట్టంలోనూ, ఈఎస్‌ఐ చట్టంలోనూ యజమాని వాటాను కార్మికుడి జీతం నుంచి రాబట్టకూడదని స్పష్టంగా ఉంది. మీ చేతికి 13,533 బదులు 11,000 చిల్లర వస్తోందంటే రెండు వాటాలూ మీ నెత్తినే వేశారని అర్థం, ఆ రోజే జీతం స్లిప్ అడగండి.

స్లిప్ అడగడానికి మొహమాటపడొద్దు. ప్రతి నెలా వేతన స్లిప్ ఇవ్వడం వాళ్ల బాధ్యత. కాగితం రూపంలో ఇవ్వకపోతే వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపమనండి. నెలల వారీగా ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి, బ్యాంక్ స్టేట్‌మెంట్ కూడా ఆరు నెలలకోసారి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

టెండర్‌లో అతి తక్కువ సర్వీస్ చార్జికి పని పట్టుకున్న ఏజెన్సీ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండండి. ఆఫీసు అద్దె, గుమాస్తా జీతం, మూడు నెలల పాటు బిల్లు రాకపోయినా మనుషులకు జీతాలివ్వడానికి పెట్టుబడి, ఇవన్నీ ఆ కొద్దిపాటి చార్జీలోంచి రావాలి, అది కుదరదు. అప్పుడు చెయ్యి వెళ్లేది మీ పీఎఫ్ మీదికే. పైన చెప్పిన లెక్కలోనే చూడండి, 30 మంది ఉన్న ఒక ఆసుపత్రిలో యజమాని వాటా ఒక్కటే ఏడాదికి 8,84,520 రూపాయలు. మీ వాటా కూడా కలిపితే 15 లక్షలు దాటుతుంది. అంత డబ్బును ఎవరూ చూడకుండా వదిలేస్తే అది ఖాతాల్లో పడుతుందని నమ్మకం పెట్టుకోవడం నాకు చేతకాదు, మీరూ పెట్టుకోవద్దు.

పీఎఫ్: ప్రతి నెలా చూడాల్సిందే

ఒక నెల పీఎఫ్ తర్వాతి నెల 15వ తేదీలోపు కట్టాలి. కాబట్టి ప్రతి నెలా 20వ తేదీకల్లా ఒకసారి చూసుకునే అలవాటు పెట్టుకోండి. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ ఉంటుంది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు యూఏఎన్‌కు (మీ పీఎఫ్ ఖాతాలన్నిటికీ కలిపి ఉండే ఒకే నంబర్) లింక్ అయిన ఫోన్ నంబర్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చాలు, మెసేజ్ వస్తుంది. అమ్మలు, అక్కలు, పారిశుద్ధ్య పనిచేసేవాళ్లు చాలామందికి పీఎఫ్‌కు లింక్ అయిన ఫోన్ నంబర్ తమది కాదు, సూపర్‌వైజర్‌ది ఉంటుంది. అది ముందు మార్పించండి, లేకపోతే ఓటీపీలన్నీ అతనికే వెళ్తాయి.

చాలామందికి తెలియని ఇంకో సౌకర్యం ఉంది. ఈపీఎఫ్‌వో వెబ్‌సైట్లో "ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్" అని ఉంటుంది, లాగిన్ అవసరం లేదు, ఏజెన్సీ పేరు కొడితే ఆ సంస్థ ఏ నెల ఎంత కట్టింది, ఎంతమందికి కట్టింది కనిపిస్తుంది. చేరకముందే ఇది చూడండి. 200 మందిని సరఫరా చేస్తున్నానని చెప్పే ఏజెన్సీ 40 మందికే పీఎఫ్ కడుతోందంటే మీకు ఇంకో సాక్ష్యం అవసరం లేదు. అసలు ఆ పేరుతో సంస్థే కనిపించకపోతే వర్క్ ఆర్డర్‌లో ఉన్న పేరు, మీకు చెప్పిన పేరు ఒకటేనా అని చూసుకోండి, పని దక్కించుకున్న ఏజెన్సీ వేరొకరికి కింద ఇచ్చిన సందర్భాల్లో ఇలా జరుగుతుంది.

యూఏఎన్ జీవితాంతం ఒకటే ఉండాలి. ఇక్కడే పెద్ద నష్టం జరుగుతోంది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. పీఎఫ్‌తో పాటు పెన్షన్ పథకం కూడా నడుస్తుంది, యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం, అంటే 15,000 మీద 1,250 రూపాయలు దానికే వెళ్తుంది. పదేళ్ల సర్వీసు ఉంటేనే 58 ఏళ్లకు నెలనెలా పెన్షన్ వస్తుంది. అవుట్‌సోర్సింగ్‌లో పదేళ్లలో నాలుగైదు ఏజెన్సీలు మారతాయి. ప్రతి కొత్త ఏజెన్సీ, పాత యూఏఎన్ అడగడం బద్ధకమై కొత్తది తెరిస్తే, మీకు ఒక్కొక్కటి రెండేళ్ల చొప్పున ఐదు ముక్కల సర్వీసు ఉంటుంది, పదేళ్లు కలిపి కనపడదు. కొత్త ఏజెన్సీలో చేరేటప్పుడు ఇచ్చే డిక్లరేషన్‌లో పాత యూఏఎన్ మీరే రాయండి. ఇప్పటికే రెండు మూడు ఉంటే మెంబర్ పోర్టల్‌లో పాత ఖాతాలను ఇప్పటి ఖాతాలోకి ట్రాన్స్‌ఫర్ పెట్టండి. ఏజెన్సీ మారిన ప్రతిసారీ డబ్బు డ్రా చేసేసుకునే అలవాటు కూడా మంచిది కాదు, పెన్షన్ సొమ్ము కూడా తీసేస్తే ఆ సర్వీసు పోయినట్టే.

పాత ఏజెన్సీ "డేట్ ఆఫ్ ఎగ్జిట్" నమోదు చెయ్యకుండా మాయమైపోవడం మామూలే. చివరి కాంట్రిబ్యూషన్ పడి రెండు నెలలు దాటాక ఆ తేదీని ఆధార్ ఓటీపీతో మీరే నమోదు చేసుకోవచ్చు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఆధార్‌లో, పీఎఫ్‌లో పేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. ఇంటిపేరు ముందొచ్చి ఒకచోట, వెనకొచ్చి ఇంకోచోట ఉన్నందుకే ఆగిపోయిన క్లెయిములు ఎన్నో.

ఈ-నామినేషన్ ఈ వారంలోనే చెయ్యండి. సర్వీసులో ఉండగా చనిపోతే పీఎఫ్‌కు జోడించిన బీమా కింద కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల రూపాయల వరకు వస్తుంది. నామినీ పేరు లేకపోతే ఆ ఇల్లాలు వారసత్వ పత్రాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఈఎస్‌ఐ

నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. చేరగానే పది అంకెల ఇన్సూరెన్స్ నంబర్ ఇవ్వాలి, కుటుంబ సభ్యుల పేర్లు, ఫోటోలు అందులో ఎక్కించాలి. చాలా ఏజెన్సీలు మీ పేరొక్కటే ఎక్కించి వదిలేస్తాయి, పిల్లాడికి జ్వరమొచ్చి డిస్పెన్సరీకి వెళ్లినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది. జబ్బు చేసి సెలవు పెడితే ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఈఎస్‌ఐ ఇస్తుంది, దానికి అంతకుముందు ఆరు నెలల కాంట్రిబ్యూషన్ కాలంలో 78 రోజుల చెల్లింపు ఉండాలి. ప్రసవానికి 26 వారాలు. అవుట్‌సోర్సింగ్ వాళ్లకు ప్రసూతి సెలవు లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఏజెన్సీ మారినా ఈఎస్‌ఐ నంబర్ అదే కొనసాగించమని చెప్పండి.

ఏజెన్సీ మారే నెల

చాలా వర్క్ ఆర్డర్‌లు మార్చి 31తో ముగుస్తాయి. కొనసాగింపు ఉత్తర్వులు మే, జూన్‌లో వస్తాయి, ఈ మధ్యలో మీరు రోజూ డ్యూటీకి వెళ్తూనే ఉంటారు, "ఆర్డర్ వస్తుందిలే" అంటారు. ఈ రెండు నెలల జీతమే తర్వాత తెగని గొడవ అవుతుంది. కాబట్టి ఈ కాలంలో హాజరుకు ఆధారం మీరే పోగుచేసుకోవాలి. రిజిస్టర్ పేజీ ఫోటో, ఫేస్ రికగ్నిషన్ యాప్ వాడుతుంటే దాని స్క్రీన్‌షాట్, డ్యూటీ చార్ట్ ఫోటో. వీలైతే మార్చి నెలాఖరులోనే ఆఫీసర్‌కు అందరూ కలిసి ఒక అర్జీ ఇవ్వండి: "ఏప్రిల్ 1 నుంచి మేము విధుల్లో కొనసాగుతున్నాము, కొనసాగింపు ఉత్తర్వులు ఇప్పించగలరు" అని. దాని మీద ముద్ర వేయించుకుంటే చాలు, ఆఫీసువాళ్లకు తెలిసే మీరు పనిచేశారని రుజువు ఉన్నట్టే.

పాత ఏజెన్సీ వెళ్లిపోకముందే సర్వీస్ సర్టిఫికెట్, చివరి జీతం స్లిప్, ఆ ఏడాది పీఎఫ్ పూర్తిగా పడిందన్న పాస్‌బుక్ ప్రింట్ తీసుకోండి. ఏజెన్సీకి ఇంకా బిల్లు రావాల్సి ఉన్నంతవరకే మీ మాటకు విలువ. సెక్యూరిటీ డిపాజిట్ వెనక్కి తీసుకుని వెళ్లిపోయాక వాళ్ల ఫోన్ కూడా ఎత్తరు. పీఎఫ్ బకాయి ఉంటే ఆ డిపాజిట్ విడుదల చెయ్యొద్దని ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ ఒక్క అర్జీకి ఉన్న బలం ఆ తర్వాత పెట్టే పది ఫిర్యాదులకు ఉండదు.

జీతం ఆగితే ఎవరిని అడగాలి

నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. ఏజెన్సీ ఇవ్వలేకపోతే ఆ పని చేయించుకుంటున్న సంస్థదే బాధ్యత. 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోనూ ఇదే ఉంది, కొత్త లేబర్ కోడ్‌లలో ఒకటైన వేతనాల కోడ్‌లోనూ ఇదే ఉంది. "మాకేం సంబంధం లేదు, ఏజెన్సీని అడుక్కోండి" అనే మాట చట్టప్రకారం చెల్లదు. ఇది గుర్తుంచుకుని మాట్లాడండి.

మొదట ఏజెన్సీకి రాసి, కాపీ డీడీవోకి (ఆఫీసులో బిల్లుల మీద సంతకం పెట్టే అధికారికి) ఇవ్వండి. ఫోన్లో అడిగినవి లెక్కలోకి రావు. ఆఫీసు కాపీ తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి. బిల్లు ట్రెజరీకి వెళ్లిందా, ఏ తేదీన వెళ్లింది, టోకెన్ నంబర్ ఏంటి అని అడగండి, ఎందుకంటే ఆలస్యం ఆఫీసు వల్లనా, బడ్జెట్ వల్లనా, డబ్బు వచ్చాక ఏజెన్సీ తొక్కిపట్టడం వల్లనా అనేది ఈ ఒక్క ప్రశ్నతో తేలుతుంది. డబ్బు ఏజెన్సీ ఖాతాలో పడి కూడా మీకు రాలేదని తేలితే నేరుగా అసిస్టెంట్ లేబర్ కమిషనర్ ఆఫీసుకు వెళ్లండి. సోమవారం కలెక్టరేట్‌లో తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో పీజీఆర్‌ఎస్ పేరుతో అర్జీలు తీసుకునే కార్యక్రమాలు ఉంటాయి, అక్కడ ఇచ్చిన అర్జీకి నంబర్ వస్తుంది, దాని మీద సంబంధిత శాఖ జవాబు రాయాల్సి ఉంటుంది.

పీఎఫ్ కట్టకపోతే ఈపీఎఫ్‌వో గ్రీవెన్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఆన్‌లైన్ కష్టమైతే ప్రతి నెలా 27న జిల్లాల్లో "నిధి ఆప్కే నికట్" పేరుతో ఈపీఎఫ్‌వో శిబిరాలు పెడుతుంది, అక్కడికి పాస్‌బుక్ ప్రింట్, జీతం స్లిప్ తీసుకెళ్లండి. స్లిప్‌లో కోత ఉండి, పాస్‌బుక్‌లో జమ లేదంటే అది ఆలస్యం కాదు, మీ డబ్బు వాడుకోవడం. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే అధికారికి ఇంకేం వివరించాల్సిన పని లేదు.

ఒంటరిగా వెళ్లొద్దు. ఒక్కరు వెళ్తే "రేపట్నుంచి రావద్దు" అంటారు, ఇరవై మంది సంతకాలతో వెళ్తే అనలేరు. పేరు బయటపడుతుందని భయపడేవాళ్లు ఉంటారు, ఆ భయం న్యాయమైనదే, వాళ్లను తప్పుపట్టొద్దు. అలాంటి చోట యూనియన్ తరఫున అర్జీ ఇప్పించండి, లేదా ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) వాడండి.

ఆర్టీఐ ఇలా రాయండి

మన రెండు రాష్ట్రాల్లో ఫీజు గ్రామ స్థాయి ఆఫీసులో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, మిగతా చోట్ల 10. తెల్ల రేషన్ కార్డు ఉంటే జిరాక్స్ జత చేస్తే ఫీజు అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు మీ పేరునే పెట్టాలని లేదు, మీ ఊళ్లో ఎవరైనా పెట్టొచ్చు. కారణం రాయనక్కర్లేదు. ఈ మాటలు వాడండి:

"మీ కార్యాలయానికి 2025 ఏప్రిల్ నుంచి నేటి వరకు సిబ్బందిని సరఫరా చేసిన ఏజెన్సీ పేరు, ఒప్పంద పత్రం, వర్క్ ఆర్డర్ నకళ్లు, నెలవారీగా ఏజెన్సీ సమర్పించిన బిల్లులు, వాటికి జతచేసిన ఈపీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్ల నకళ్లు, ఆ బిల్లుల చెల్లింపు జరిగిన తేదీలు, మొత్తాలు, ఏజెన్సీ సెక్యూరిటీ డిపాజిట్ ప్రస్తుత స్థితి తెలియజేయగలరు."

"పీఎఫ్ ఎందుకు కట్టలేదు?" అని ప్రశ్న రూపంలో అడిగితే "అది సమాచారం కాదు" అని తిప్పి పంపుతారు. నకళ్లు అడగండి. చలాన్లు లేకుండా బిల్లు పాస్ చేశారంటే సంతకం పెట్టిన అధికారి జవాబు చెప్పుకోవాలి, అందుకే ఆర్టీఐ దరఖాస్తు అందిన వారంలోనే పాత బకాయిలు ఖాతాల్లో పడటం కొన్నిచోట్ల చూస్తుంటాం.

మహిళలకు, ఇంకా తీసేసినప్పుడు

ఆఫీసులో ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే "నువ్వు ఏజెన్సీ మనిషివి, ఇక్కడ ఫిర్యాదు చెయ్యలేవు" అంటే అది అబద్ధం. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 నాటి చట్టంలో ఉద్యోగిని అంటే ఏజెంట్ ద్వారా పనిచేసేవాళ్లు కూడా. ఆ ఆఫీసులోని అంతర్గత కమిటీకే ఫిర్యాదు ఇవ్వొచ్చు.

పనిలోంచి తీసేస్తే నోటిమాట ఒప్పుకోకండి, కాగితం అడగండి. కాగితం ఇచ్చేదాకా డ్యూటీకి వెళ్లి, రానివ్వకపోతే ఆ రోజే ఆఫీసర్‌కు రాసివ్వండి, లేకపోతే "తనే మానేశాడు" అని రాసేస్తారు. రావాల్సిన జీతం మొత్తం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలని వేతనాల కోడ్ చెబుతోంది.

పర్మినెంట్ అవుతుందా?

దీని మీద ఎవరు గట్టిగా హామీ ఇచ్చినా నమ్మొద్దు. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు, నియామక నిబంధనలు పాటించకుండా చేరినవాళ్లు క్రమబద్ధీకరణను హక్కుగా అడగలేరని చెప్పింది. 2024 డిసెంబర్‌లో జగ్గో కేసులో అదే కోర్టు, ఏళ్ల తరబడి శాశ్వత స్వభావం ఉన్న పని చేయించుకుని తాత్కాలికం అనే పేరుతో వదిలించుకోవడాన్ని తప్పుపట్టి, ఆ ఉద్యోగులను క్రమబద్ధీకరించమంది. కానీ అది వాళ్ల కేసు వివరాల మీద వచ్చిన తీర్పు, అవుట్‌సోర్సింగ్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ తనంతట తాను వర్తించదు. పోరాటం చెయ్యండి, తప్పకుండా చెయ్యండి, దానితో పాటు పరీక్షలు రాయడం మానకండి.

పరీక్షలు రాసేవాళ్లకు ఈ సర్వీసు ఒక చోట నేరుగా పనికొస్తుంది. తెలంగాణలో వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు స్టాఫ్ నర్సు లాంటి పోస్టులకు రాత పరీక్షకు 80 మార్కులు పెట్టి, ప్రభుత్వాసుపత్రుల్లో కాంట్రాక్ట్, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు 20 వరకు వెయిటేజీ ఇచ్చింది. ఆ మార్కులు రావాలంటే ఏజెన్సీ లెటర్‌హెడ్ మీద ఇచ్చిన సర్టిఫికెట్ సరిపోదు, నోటిఫికేషన్‌లో చెప్పిన నమూనాలో, అందులో చెప్పిన అధికారి సంతకంతో కావాలి. సూపరింటెండెంట్ బదిలీ అయ్యేలోపే, నోటిఫికేషన్ కోసం ఎదురు చూడకుండా, ఇప్పటిదాకా చేసిన సర్వీసుకు చేరిన తేదీ, పోస్టు పేరు, మధ్యలో మారిన ఏజెన్సీల పేర్లు అన్నీ ఉండేలా ఒక సర్టిఫికెట్ రాయించుకుని ముద్ర వేయించుకోండి. నోటిఫికేషన్ వచ్చాక కొత్త సూపరింటెండెంట్ వాళ్ల నమూనాలో సంతకం పెట్టడానికి ఆ పాత కాగితమే ఆధారంగా చూస్తారు.